సంజీవమ్మ వేలిముద్రలు

సంజీవమ్మ కుడిచేతి నాలుగు వేళ్లూ కలిపి గాజుపలక మీద పెట్టింది. పలక కింద పచ్చదీపం వెలిగి, కాసేపు మిణుకుమిణుకుమని, ఎర్రబడి కీచుమంది. పోలీసమ్మ ఉమ్ నాసర్ ఆ వేళ్లను తడికాగితంతో తుడిచి మళ్లీ పెట్టించింది. మళ్లీ కీచుమంది. ఈసారి ఆ వేళ్లనే సంజీవమ్మ నుదుటి మీద రుద్ది, ఆ జిడ్డుతో మూడోసారి అదిమి పట్టింది. తెర మీద నాలుగు బూడిదరంగు మచ్చలు వచ్చాయి. వాటిలో ఒక్క గీత కూడా లేదు.

“వేళ్లు గోడకు రాసుకున్నావు,” అంది ఉమ్ నాసర్ అరబ్బీలో. అడిగినట్టు లేదు, తేల్చేసినట్టుంది.

“లేదు మామా. వల్లా, ఒట్టు, రాసుకోలేదు.”

కువైట్‌లో ఇంటిపనికి వచ్చిన ఆడవాళ్లు యజమానురాలిని మామా అంటారు. ఆ పిలుపు నాలుకకు అలవాటైపోయి, డిపోర్టేషన్ హాల్లో పోలీసమ్మనూ అలాగే పిలుస్తారు. ఆవిడా పలుకుతుంది.

“అందరిదీ ఇదే మాట. రాసుకున్నవాళ్ల జాబితాలో వేస్తున్నాను. సోమవారం పొద్దున ఇంకోసారి చూస్తాను. ఖలాస్, నడు.”

ఇక్కడి నియమం అది. దేశం నుంచి పంపించేసేవాళ్ల పది వేళ్లూ మిషన్లోకి ఎక్కాలి. ఎక్కితే వాళ్లు మళ్లీ ఏ పేరుతో, ఏ పాస్‌పోర్టుతో వచ్చినా విమానాశ్రయంలోనే దొరికిపోతారు. ఎక్కకపోతే గేటు దాటించరు. వెనకటికి తెల్లదొరలు నేరం చేసిన ఆడవాళ్లను ఓడలెక్కించి, సముద్రం దాటించి, దీవుల్లో దించేవాళ్లట. ఈ హాల్లో ఉన్న నూట ఇరవై మంది ఆడవాళ్లు సముద్రాన్ని తమంతట తామే దాటివచ్చారు. వీళ్లకు శిక్ష ఇంటికి తోలెయ్యడం.

సంజీవమ్మ చేసిన నేరమల్లా మిష్రిఫ్‌లో ఒక మూడంతస్తుల ఇంట్లోంచి, కఫీల్ సెలవు లేకుండా, కాళ్లకు చెప్పులైనా లేకుండా బయటికి నడవడం. వీసా ఇచ్చి తెప్పించుకున్న యజమానే కఫీల్. ఆయన వద్దన్నాక వీధి మలుపు తిరిగినా పరారీ కిందే లెక్క. తొమ్మిదేళ్ల చాకిరీ తర్వాత ఆవిడ ఆ మలుపు తిరిగింది. రెండేళ్లపాటు హవల్లీ ఫ్లాట్లలో అంట్లు తోముకుని బతికి, పోయిన నెల బస్సులో తనిఖీకి దొరికింది. దొరికినందుకు ఆవిడకు పెద్ద దిగులేమీ లేదు. ఎటూ ఇంటికి పోవాలనే అనుకుంటోంది.

దిగులల్లా చెల్లెలి గురించి. హాల్లో ఒక్కొక్కరికి గురువారం గురువారం అయిదు నిమిషాలు ఫోను ఇస్తారు. మొన్న గురువారం ఊరికి ఫోను చేస్తే వెంకటేశ్వరి సంతోషంగా చెప్పింది. తనకూ వీసా వచ్చిందట. ఊళ్లో ఆడవాళ్లను కువైట్ పంపించే పెంచల్ ఇప్పించాడట. మంగళవారం సాయంత్రం వాడి బండిలో చెన్నై పోయి, బుధవారం పొద్దున విమానం ఎక్కుతుందట. ఏ ఇంటికే అని అడిగితే, మిష్రిఫ్‌లో అదే ఇంటికంది.

“నీ పని వాళ్లకు బాగా నచ్చినాదంట అక్కా. మీ ఊరి మనిషే కావాలని అడిగినారంట,” అంది వెంకటేశ్వరి.

“ఒసే, ఆ ఇంటికి రావద్దే! నేను పారిపొయ్యొచ్చింది ఆ ఇంట్లోనుంచే. కొడతారే.”

“కొట్టేది యాడ లేదు? ఈడ నా మొగుడు కొట్టలా? ఎవురు కొట్టినా చెంప అదే గదా. నువ్వు ఓర్చుకోలేకపొయినావు, నేను ఓర్చుకుంటా.”

సోమవారం తనే బయల్దేరి వస్తానని చెప్పేసరికి అయిదు నిమిషాలూ అయిపోయాయి.

చెన్నైకి సోమవారం సాయంత్రం విమానం ఉంది. అది ఎక్కితే మంగళవారం మధ్యాహ్నానికి ఊళ్లో ఉండొచ్చు. చెల్లెలి ఎదురుగా నిలబడి, చెంప మీద ఒకటిచ్చి చెబితే ఎందుకు వినదు? ఆ పిల్ల ఫోనులో మాట వినే రకం కాదు, ఎదురుగా ఉంటే మాత్రం చిన్నప్పటి నుంచీ అక్కకు జడుస్తుంది. సోమవారం విమానం తనదేనని సంజీవమ్మ గట్టిగా నమ్మింది. ఆవిడకు నమ్మకాలెప్పుడూ కాస్త ఎక్కువే.

ఆవిడ వెనక వరసలో నిలబడ్డ బేబి వేళ్లకూ మిషన్ కీచుమంది. బేబిది కోనసీమ, ఇరవై నాలుగేళ్లు. ఆ పిల్ల మాత్రం నిజంగానే స్నానాలగది గోడకు వేళ్లు రాసుకుంది. వేళ్ల కొనలు ఎర్రగా కంది, అక్కడక్కడ నెత్తురు గడ్డకట్టి ఉన్నాయి. ఉమ్ నాసర్ ఇద్దరి పేర్లనూ ఒకే జాబితాలో, ఒకదాని కింద ఒకటి రాసింది.

* * *

“గోడకు ఏంటికి రాసుకున్యావే?” అంది సంజీవమ్మ హాల్లోకి రాగానే.

“మా బుజ్జిబాబు మావయ్య చెప్పేడక్కా. ముద్రలు పడకుండా ఎళ్లిపోతే ఆర్నెల్లలో ఇంకో పేరుమీద వచ్చేయొచ్చంట,” అంది బేబి కళ్లు దించుకుని. “ఆ ఇల్లు మంచిది కాదు గానండీ, కువైట్ బాగానే ఉంది. మళ్లీ రాకపోతే మా ఇంట్లో అయిదుగురం ఎలా బతుకుతాం చెప్పు?”

“ముద్ర పడకుంటే పోనియ్యరని చెప్పలా మీ మామ?”

“అది చెప్పలేదక్కా.”

హాల్లో సగం మందికి ఇలాంటి మామయ్యలే ఉన్నారు. గోడకు రాసుకున్నవాళ్లు, క్లోరాక్స్ బ్లీచింగ్ నీళ్లలో వేళ్లు నానబెట్టుకున్నవాళ్లు, నిమ్మకాయ రుద్దుకున్నవాళ్లు. మళ్లీ రావాలన్న ఆశతో పోయే దారిని వాళ్లే మూసుకుంటున్నారు. పోలీసులు అనుమానించడంలో తప్పులేదని సంజీవమ్మకూ తెలుసు. అయినా తన పేరు ఆ జాబితాలో ఎక్కడం ఆవిడకు కారం రాసినట్టుంది. పనికి అరిగిన చెయ్యి, మోసానికి అరగదీసుకున్న చెయ్యి ఒకటెలా అవుతాయి?

హాల్లో అందరికన్నా పెద్దది రాయచోటి జుబేదా బీ. ఆవిడ సంజీవమ్మ చేతులు రెండూ పట్టుకుని, కిటికీ దగ్గరికి లాక్కెళ్లి, తిప్పి తిప్పి చూసింది. వేళ్ల కొనలు సబ్బుబిళ్లల్లా నున్నగా ఉన్నాయి. అరచేతిలో మాత్రం అడ్డంగా చీలికలు, వాటిలో నల్లగా మసి. ఆ నలుపు ఎన్ని స్నానాలకూ పోదు.

“ఏమేం పనులు చేసినావు బేటీ ఆ ఇంట్లో?”

“ఏం పని చెయ్యలేదో అది అడుగు జుబేదమ్మా. మూడంతస్తుల పాలరాయి మెట్లు, పొద్దునొకసారి సాయంత్రమొకసారి క్లోరాక్స్ ఏసి తుడవాల. గుడ్డేసి తుడిస్తే ఆమె ఒప్పుకోదు, చేత్తో రుద్దాల. మగోళ్ల తెల్ల అంగీలు ఏడు, రోజూ వాటి మెడపట్టీలు బ్రష్షుతో ఉతకాల. శుక్రారం చుట్టాలొస్తే అన్నం గిన్నెలు, నేను దాంట్లో కూసోవచ్చు, అంత గిన్నెలు. చేతికి తొడుగులు అడిగితే, తొడుగులేసుకుంటే శుభ్రం కాదనింది.”

“ఈడికొచ్చి ఊరికుండావా? హాలంతా నువ్వే కడుగుతాండావు గదా!”

నిజమే. వచ్చిన మర్నాటి నుంచే ఎవరూ చెప్పకుండా సంజీవమ్మ చీపురు అందుకుంది. గచ్చు కడిగింది, స్నానాలగదులు తోమింది, పసిపిల్లల తల్లులకు బట్టలు ఉతికి పెట్టింది. ఊరికే కూర్చోవడమెలాగో ఆవిడకు తెలియదు. జుబేదా బీ అక్కడికక్కడే తీర్పు చెప్పింది. సోమవారం దాకా సంజీవమ్మ నీళ్లు ముట్టకూడదు. నీళ్లు తగలకుండా ఉంటే చర్మం పైకొస్తుంది, గీతలు మళ్లీ పొడుస్తాయి.

“చేతులు కాలినాక ఆకులు పట్టుకుంటే ఏమొస్తాది జుబేదమ్మా!”

“నోరు మూసుకుని పట్టుకో. ఆకులన్నా ఉండాయి.”

ఆ రెండు రోజులూ సంజీవమ్మకు నరకం. హాల్లో వాసెలిన్ డబ్బాలు ఎవరెవరి దగ్గర ఉన్నాయో అన్నీ వచ్చాయి. ఒక తమిళమ్మాయి తన సాక్సులు ఇచ్చింది. చేతులకు వాసెలిన్ పూసి, వాటి మీద సాక్సులు తొడిగి గోడకానించి కూర్చోబెట్టారు. అన్నం బేబి కలిపి నోట్లో పెట్టింది. ముద్ద పెద్దదైతే సంజీవమ్మ తిట్టింది, చిన్నదైతే ఇంకా తిట్టింది. ఎదురుగా ఎవరో గచ్చు తుడుస్తుంటే చూడలేకపోయేది.

“ఆ మూల! ఆ మూల మురికి అట్లనే ఉండాది, కనపళ్లా? నీళ్లు పిండకుండా తుడిస్తే ఎట్లమ్మా?” అని కూర్చున్నచోటి నుంచే అరిచేది. తుడిచే పిల్ల నవ్వి ఇంకా నెమ్మదిగా తుడిచేది.

ఆదివారం సాయంత్రం సాక్సులు తీసి చూస్తే వేళ్లు తెల్లగా, మెత్తగా ఉన్నాయి. కుడి చూపుడువేలి కొన మీద, వెలుతురుకు ఏటవాలుగా పెడితే, నాలుగైదు సన్నని గీతలు కనిపించాయి. బేబి గట్టిగా అరిచింది. హాల్లో ఆడవాళ్లంతా చుట్టూ మూగి ఒకరి తర్వాత ఒకరు ఆ వేలు పట్టుకుని చూశారు. బారసాలలో బిడ్డను చూసినట్టే చూశారు.

“చూసినావా జుబేదమ్మా, రేపు పది వేళ్లూ పడతాయి,” అంది సంజీవమ్మ. “ఎల్లుండి మా యింట్లో అన్నం తింటా.”

* * *

సోమవారం పొద్దున ముందు బేబిని పిలిచారు. పడుచు చర్మం. గోడకు రాసుకున్నదంతా రెండు రోజుల్లో మానిపోయింది. కుడిచెయ్యి పెడితే పచ్చదీపం, ఎడమచెయ్యి పెడితే పచ్చదీపం. రెండు బొటనవేళ్లూ పెట్టేసరికి బేబి ఏడుపు మొదలుపెట్టింది. ఇక జన్మలో ఈ గడ్డ మీద కాలు పెట్టలేనని ఆ పిల్లకు అప్పుడు అర్థమైంది. “ఈరోజు విమానం. యల్లా, యల్లా,” అంటూ ఇంకో పోలీసమ్మ ఆ పిల్లను పక్కకు నడిపించింది.

సంజీవమ్మ కుడిచెయ్యి పెట్టింది. దీపం మిణుకుమిణుకుమని పచ్చబడింది. ఎడమచెయ్యి రెండోసారికి పచ్చబడింది. వాకిట్లో నిలబడి చూస్తున్న జుబేదా బీ గాల్లోకి చేతులెత్తింది.

“బొటనవేళ్లు,” అంది ఉమ్ నాసర్.

పెట్టింది. కీచుమంది. తుడిచి పెట్టింది. కీచుమంది. నుదుటికి రుద్ది పెట్టింది, ముక్కు పక్క జిడ్డు అంటించి పెట్టింది, నోటి ఆవిరి పట్టించి పెట్టింది. తెర మీద రెండు నున్నటి మచ్చలు. గిన్నెల అడుగులు తోమేటప్పుడు బలమంతా మోసేది బొటనవేలే కదా. మిగతా వేళ్లకన్నా అదే ముందు పోయింది.

“అవి రాకపోతే కాగితం ముందుకు కదలదు. వచ్చే సోమవారం,” అంది ఉమ్ నాసర్ కలం తీస్తూ.

తలుపు బయట బస్సు సిద్ధంగా ఉంది. ఆడవాళ్లను ఇద్దరిద్దరిని కలిపి, ఒకరి కుడిచేతిని ఇంకొకరి ఎడమచేతికి సంకెళ్లతో బిగించి ఎక్కిస్తున్నారు. బేబి పక్కమనిషితో పాటు ఒరుగుతూ వెనక్కి తిరిగి, “అక్కా, మీ చెల్లెలికి నేను ఫోను చేసి చెప్తానే!” అని అరిచింది. నా మాటే విననిది నీ మాట వింటుందా అనుకుంది సంజీవమ్మ. కావాలని గీసుకున్న పిల్ల, పోనని ఏడ్చే పిల్ల, ఇంటికి పోతోంది. పోతానని మొత్తుకునే తను ఇక్కడే ఉండిపోతోంది. బస్సు తలుపు మూసుకోగానే ఆవిడకు ఒళ్లు మండిపోయింది.

ఉమ్ నాసర్ బల్ల ముందుకు వెళ్లి రెండు చేతులూ బోర్లించి దభీమని పెట్టింది. వచ్చిన అరబ్బీ అంతా పోగుచేసుకుని, కాపలావాళ్లు వినేలా అంది.

“మామా, నేను గోడకు రాసుకోలేదు. మీ మెట్లకు రాశాను. మీ గిన్నెలకు రాశాను. నీ ఇంట్లో పనిమనిషి ఉందా?”

“ఉంటే?”

“ఈరోజు ఇంటికి పోయి ఆమె చెయ్యి చూడు. ఆమె బొటనవేలికి గీతలుంటే నన్ను ఇక్కడే ఏడాది పెట్టు. నోరెత్తను.”

పోలీసులతో అలా మాట్లాడినవాళ్లను ఏంచేస్తారో సంజీవమ్మకు తెలుసు, అయినా బల్ల మీద చేతులు తియ్యలేదు. ఉమ్ నాసర్ ఆ చేతుల్ని చూసింది, మొహం చూసింది, “యల్లా, లోపలికి పో!” అని గట్టిగా అరిచింది. సంజీవమ్మ తలెత్తుకునే లోపలికి పోయింది. మధ్యాహ్నమంతా దుప్పటి కప్పుకుని పడుకుంది గానీ కన్ను మూతపడలేదు. సాయంత్రం విమానం ఎగిరిపోయే వేళకు లేచి కూర్చుని, “పొయినాది,” అంది జుబేదా బీతో. అప్పుడు మాత్రం ఏడ్చింది.

* * *

మంగళవారం మధ్యాహ్నం ఉమ్ నాసర్ ఆవిడను పిలిపించింది. మిషన్ గదికి కాదు, పక్కనున్న చిన్న గదికి. శిక్ష పడుతుందని హాలంతా అనుకున్నారు. సంజీవమ్మ కూడా అలాగే అనుకుని, జుట్టు ముడి బిగించుకుని మరీ వెళ్లింది.

ఉమ్ నాసర్ కుర్చీ చూపించింది. పోలీసమ్మ ముందు కుర్చీలో కూర్చోవడం సంజీవమ్మకు ఇదే మొదలు. బల్ల మీద స్కూలు పుస్తకంలోంచి చింపిన కాగితం ఒకటుంది. దాని మీద నీలంసిరాతో రెండు గుండ్రటి మరకలు.

“మా పిల్లవాడి స్టాంపు సిరా,” అంది ఉమ్ నాసర్. “మా ఇంట్లో ఉన్నది సిలోన్ మనిషి. పధ్నాలుగేళ్లయింది. నా ముగ్గురు పిల్లల్ని పెంచింది.” కాగితాన్ని వేలితో కాస్త ముందుకు జరిపింది. “మూడుసార్లు వేయించినా ఇంతే.”

సంజీవమ్మ కాగితం వంక చూసింది. చూశావా అని అనాలని నోటిదాకా వచ్చింది. ఎదుటి మనిషి మొహం చూసి ఆ మాట మింగేసింది. ఆ మొహంలో సిగ్గు ఉంది. పదకొండేళ్లలో ఏ మామా మొహంలోనూ అది కనిపించలేదు.

“నీ పేరు ఆ జాబితాలోంచి కొట్టేశాను. పనివల్ల అరిగాయని పై అధికారులకు రాశాను. వాళ్లు ఒప్పుకోవాలి. పదిరోజులు పడుతుంది, ఇరవై పడుతుంది, నా చేతిలో లేదు. ఈలోపు నీకేమైనా కావాలా?”

“ఫోను,” అంది సంజీవమ్మ.

ఈరోజు గురువారం కాదు. ఉమ్ నాసర్ లేచి తలుపు దగ్గరగా వేసి, తన సంచిలోంచి సొంత ఫోను తీసి ఇచ్చింది.

ఊళ్లో అప్పుడు నాలుగు దాటి ఉంటుంది. పెంచల్ బండి బయల్దేరే వేళ. మూడోసారికి వెంకటేశ్వరి ఎత్తింది. వెనకాల మనుషుల గోల, పెట్టె ఎక్కడ పెట్టారని ఎవరో అరుస్తున్నారు.

“ఎవురూ?”

“నేనేమే. సంజీవక్కను.”

“యాడుండావు? సోమారం బయల్దేరతానంటివే! నిన్ను చూసి పోదామని నేను పొద్దున్నించీ ఎదురుచూస్తాండా.”

“యాడుంటా, ఈడనే ఉండా. పంపియ్యలా.”

“ఏమంట?”

“వేలిముద్రలు పళ్లేదంట. ఆ సంగతి పోనీలే గానీ, నా మాట విను. ఆ ఇంటికి రావద్దు. మూడంతస్తులు. పొద్దున నాలుగింటికి లేపుతారు. తప్పు జరిగితే ఆమె చెప్పు తీసుకుంటాది...”

“చెప్పినావు గదా మొన్న. అందరూ చెప్పేదే. పెద్దపుల్లయ్య కోడలు చెప్పినాది, అయినా రెండోతూరి పోలా?” వెంకటేశ్వరి తొందరలో ఉంది. “వేలిముద్రలు పడకపోవడమేంది? మిషన్ చెడిపొయినాదా?”

“మిషన్ బాగానే ఉండాది. నావే అరిగిపొయినాయి. గిన్నెలు తోమి తోమి, ఆ క్లోరాక్స్ నీళ్లకు. ఎనిమిది ఎట్లనో పడినాయి. రెండు పళ్లేదు.”

“ఏ రెండు?”

“బొటనేళ్లు.”

వెంకటేశ్వరి మనుషులకు దూరంగా నడిచినట్టుంది. గోల తగ్గింది. సంజీవమ్మ ఫోను చెవికి ఇంకా గట్టిగా నొక్కుకుంది.

“బొటనేళ్లు రెండూనా?” అంది వెంకటేశ్వరి, గొంతు తగ్గించి.

“రెండూ.”

“మన సూరాయమ్మవ్వకు నిరుడు రేషన్ అంగట్లో మిషన్ పెట్టినప్పటినుంచీ బొటనేలు పళ్లేదక్కా. నాలుగు నెల్లు బియ్యమియ్యలా. పింఛనీ నిలిచిపొయినాది. నువ్వు సూరాయమ్మవు కాదు పో అన్యాడు అంగడోడు, ఊరందరి ముందర. ఆమె నడీదిలో కూసోని ఏడ్చినాది. ఆమెకైతే డెబ్బై దాటినాయి. నీకు నలభై ఒకటి గదా?”

“నలభై ఒకటే.”

“ఆ ఇంట్లోనే పొయినాయా?”

“ఆ ఇంట్లోనే.”

“మళ్లా వస్తాయా?”

“నీళ్లు ముట్టకుండా ఉంటే వస్తాయంటారు. నీళ్లు ముట్టకుండా మనమెప్పుడుంటిమి?”

వెంకటేశ్వరికి సంతకం రాదు. పొదుపు సంఘంలోనైనా, ఉపాధి పనికాడైనా, పంచాయితీలోనైనా ఆ పిల్ల పేరు ఆ పిల్ల బొటనవేలే. దెబ్బలకు జడవని మనిషి, ఆకలికి జడవని మనిషి ఇప్పుడు దేనికి జడుస్తోందో సంజీవమ్మకు అప్పటికి తట్టింది. రెండు మాటలు కలపబోయి, తమాయించుకుంది. బతికినన్నాళ్లకు ఒకసారి నోరు మూసుకుని ఊరుకుంది.

“అక్కా, ఇంటిజాగా పట్టా నా పేరు మీదనే వచ్చినాది,” అంది వెంకటేశ్వరి చివరికి. “కువైట్ నుంచి తిరిగొచ్చినాక తాసిల్దారు ఆపీసుకాడ ముద్ర ఎయ్యాల. మొగోడికి చెందకుండా, నా పేరు మీద. ఒగటే ఉండాది నా పేరు మీద.”

“తెలుసే.”

“వెంకటేశ్వరీ, బండి కదులుతాంది, రా!” అని అవతల ఎవరో కేకేశారు. పెంచల్ గొంతే.

“పెట్టేయ్ అక్కా,” అంది వెంకటేశ్వరి. “నా పాసుపోర్టు వాని జేబులో ఉండాది. బండి కదలకముందే గుంజుకోవాల.”